వర్ణం నేర్చిన అమ్మాయి, గొంతు మారుతున్న అబ్బాయి: పిల్లల మ్యూజికల్ ఆడిషన్ల మీద మీ ప్రశ్నలు

బెంగళూరులో వేసవి సెలవుల్లో పిల్లలతో పాటల నాటకం వేయాలనుకునేవాళ్ళు ఫిబ్రవరి, మార్చిలోనే ఆడిషన్లు పెట్టేస్తారు, ఎందుకంటే ఏప్రిల్, మే రెండు నెలలూ రిహార్సల్స్‌కే సరిపోతాయి. అందుకే ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు వాటి గురించే. పాట, మాట, ఆట కలిపి కథ నడిపించడం మనకు కొత్తేం కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు ఊహ తెలిసేనాటికే వేషం కట్టేవాళ్ళు, పెద్దవాళ్ళ పద్యాలు వింటూనే పెరిగేవాళ్ళు, వాళ్ళని విడిగా పరీక్షించే అవసరమే రాలేదు. మన పిల్లలకి ఆ అదృష్టం లేదు, తెలియని గదిలో తెలియని పెద్దల ముందు రెండు మూడు నిమిషాలు ఇస్తున్నాం. ఆ కాస్త సమయంలో పిల్ల ఇంటి దగ్గర ఎంత నేర్చుకొచ్చిందో చూడటం కంటే, ఒక మాట చెబితే అందుకుని మళ్ళీ ఎలా చేస్తుందో చూడటం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. కింద జవాబుల్లో ఇది మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ప్రశ్న: మా పాపకి 9 ఏళ్ళు, మూడేళ్ళుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. పిల్లల మ్యూజికల్‌కి ఆడిషన్ ఉంది, "ఒక నిమిషం లోపు ఏదైనా పాట" అన్నారు. మోహన వర్ణం బాగా వచ్చు, అది పాడించమంటారా? లేకపోతే సినిమా పాటా?
ఒక అమ్మ, మారతహళ్ళి

జవాబు: వర్ణం వద్దమ్మా, అది సాధనకీ, కచేరీ మొదట్లో పాడుకోవడానికీ ఉన్న కూర్పు. పాప దాన్ని చక్కగా పాడుతుందనే అనుకుంటున్నాను, కానీ ఎంపిక చేసేవాళ్ళు వినాలనుకునేది అందులో దొరకదు. మ్యూజికల్‌లో పాత్ర ఊరికే పాట ఎత్తుకోదు. దానికి ఏదో కావాలి, లేదా ఎవరినో ఒప్పించాలి, లేదా భయమేసింది, మామూలు మాటలు చాలక పాటలోకి వెళ్తుంది. కాబట్టి ఎదురుగా ఒక మనిషి ఉన్నట్టు, ఆ మనిషితో ఏదో చెబుతున్నట్టు ఉండే పాట వెతకండి. సినిమా పాట పాడొచ్చు, తప్పేం లేదు, కాకపోతే వినేవాళ్ళ చెవిలో అసలు గాయని గొంతు ముందే ఉంటుంది, పాప తన గొంతు వదిలేసి ఆవిడలా పాడే ప్రయత్నం చేస్తుంది. నన్నడిగితే పోతన పద్యం ఒకటి తీసుకోమంటాను. మొసలి పట్టులో చిక్కిన గజేంద్రుడు మొరపెట్టుకునే పద్యాలున్నాయి కదా, వాటిలో అలసట ఉంది, సందేహం ఉంది, చివరికి గట్టిగా ఒక పిలుపు ఉంది, నిమిషంలోపు అయిపోతుంది. 9 ఏళ్ళ పిల్లకి ఏనుగు కష్టం బాగానే అర్థమవుతుంది.

నిమిషం అంటే నిజంగా నిమిషమే. ఇంగ్లీషు మ్యూజికల్స్ వేసేవాళ్ళు చాలాసార్లు 16 బార్లు పాడమంటారు. బార్‌కి నాలుగు బీట్లు వేసుకుంటే మొత్తం 64, మన లెక్కలో ఆదితాళం 8 ఆవర్తనాలు (చుట్లు), మామూలు వేగంలో 40 సెకన్లు అటూఇటూ. పల్లవి రెండుసార్లు తిప్పేసరికి అది కాస్తా అయిపోతుంది. అందుకని పాటలో మనసు మారే చోటు ఎక్కడుందో చూసి నేరుగా ఆ చరణం నుంచే మొదలుపెట్టండి, ఎవరూ తప్పుపట్టరు. వెనక వాద్యాల ట్రాక్ పెట్టుకుంటే దాని శ్రుతి ముందే చూసుకోండి. పాప ఐదున్నరలో (శ్రుతి ఎత్తు చెప్పే అంకె ఇది, పెరిగేకొద్దీ పైకి) హాయిగా పాడేది అయితే, ఇంటర్నెట్‌లో దొరికిన ట్రాక్ ఏ శ్రుతిలో ఉంటే అందులో పాడమనడం అన్యాయం, శ్రుతి మార్చే యాప్‌లు ఉన్నాయి, మార్చుకోండి. గాయని గొంతు కలిసున్న ట్రాక్ మాత్రం వద్దు, ట్రాక్ దొరక్కపోతే తంబురా శ్రుతి ఒక్కటి చాలు.

శ్రుతి, లయ ఉన్న పిల్లకి సగం పని అయిపోయినట్టే. మిగతా సగం ఒంట్లో ఉంది. క్లాసులో కింద కూర్చుని, తొడ మీద తాళం వేస్తూ, టీచర్ వైపు చూస్తూ పాడటం అలవాటై ఉంటుంది. ఇప్పటినుంచి నిలబెట్టి పాడించండి, తాళం చెయ్యి వదిలెయ్యమనండి. మొదట్లో లయ జారుతుంది, కంగారు పడొద్దు, నాలుగైదు రోజుల్లో లెక్క లోపలికి వెళ్తుంది. ఎదురుగోడ మీద ఒక చోటు చూపించి గజేంద్రుడు పిలిచే ఆయన అక్కడున్నాడని చెప్పండి. గమకాలు తీసెయ్యమని నేను చెప్పను, అవి మన పాటకి ప్రాణం, కానీ ప్రతి అక్షరాన్నీ ఊపితే మాట వినిపించదు. ఇంకొక్కటి, ఇది అన్నిటికంటే ముఖ్యం: ఒకే పద్యాన్ని మూడు రకాలుగా పాడటం ఆటలా అలవాటు చేయండి. కోపంగా ఒకసారి, రహస్యం చెబుతున్నట్టు ఒకసారి, నిద్రమత్తులో ఒకసారి. ఆడిషన్‌లో "ఇదే మళ్ళీ, ఈసారి భయపడుతూ పాడమ్మా" అన్నప్పుడు, ఒక్క రకంగానే బట్టీపట్టిన పిల్ల అక్కడే ఆగిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్ళు. నిరుడు స్కూల్ నాటకంలో బాగా పాడాడు. ఈ మధ్య గొంతు ఒక్కోసారి కీచుగా, ఒక్కోసారి బొంగురుగా వస్తోంది. ఆడిషన్‌కి వెళ్తానంటున్నాడు, నవ్వులపాలవుతాడేమోనని మాకు టెన్షన్. ఈ ఏడాది ఆపేయమనాలా?
ఒక నాన్న, వైట్‌ఫీల్డ్

జవాబు: ఆపొద్దండీ. వాడికి వెళ్ళాలని ఉంది, అది చాలా పెద్ద విషయం. ఈ వయసులో పాట మానేసిన మగపిల్లల్లో చాలామంది మళ్ళీ దాని జోలికి రారు, గొంతు కుదురుకునేసరికి "నాకు పాట రాదు" అన్న మాట వాళ్ళలో స్థిరపడిపోతుంది.

జరుగుతున్నదేమిటో వాడికి మీరే కూర్చోబెట్టి చెప్పండి. సుమారు 12 నుంచి 15 ఏళ్ళ మధ్య మగపిల్లల్లో స్వరపేటిక పెరుగుతుంది, స్వరతంత్రులు పొడవై మందమవుతాయి, అందుకే మాట్లాడే శ్రుతి దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. నిన్నటిదాకా ఐదులో పాడిన పిల్లాడు రేపెప్పుడో ఒకటిలోనో ఒకటిన్నరలోనో స్థిరపడతాడు. ఈలోపు కండరాలకు కొత్త కొలతలు అలవాటు కావాలి, అందుకని పైకి వెళ్ళేటప్పుడు గొంతు జారిపోతుంది. కొందరికి నెలల్లో సర్దుకుంటుంది, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆడపిల్లల గొంతూ ఈ వయసులో మారుతుంది, అంత దూరం జారదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ఇందులో ఎవరి తప్పూ లేదని తెలిస్తేనే పిల్లాడికి సగం బెరుకు పోతుంది.

ఇక పని సంగతి. వాడిని నెమ్మదిగా కూనిరాగం తీయమని, ఏ ఐదారు స్వరాలు ఇబ్బంది లేకుండా వస్తున్నాయో చూడండి. ఎన్ని వస్తే అన్ని, ఆ పరిధిలోనే తిరిగే పాట వెతకండి, జానపదాల్లో అలాంటివి కావలసినన్ని ఉన్నాయి. నిరుటి పాటను నిరుటి శ్రుతిలో పాడించే ప్రయత్నం చేయొద్దు, అరిచి పై స్థాయి అందుకోమని అసలు చెప్పొద్దు. రోజూ మారుతున్న గొంతు కాబట్టి పది రోజుల ముందు ఎంచుకున్న శ్రుతిని ముందు రోజు మళ్ళీ సరిచూసుకోండి. మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా రెండు మూడు వారాలు దాటి బొంగురు తగ్గకపోతే మాత్రం ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి.

గదిలోకి వెళ్ళగానే "నా గొంతు మారుతోంది, ఈ శ్రుతిలో పాడతాను" అని వాడే చెప్పాలి, మీరు కాదు. పిల్లలతో పనిచేసిన సంగీత దర్శకులెవరైనా దీన్ని అర్థం చేసుకుంటారు, ఆడిషన్‌కీ ప్రదర్శనకీ మధ్య ఉండే రెండు నెలల్లో ఈ గొంతు ఎక్కడికి వెళ్తుందో లెక్క వేసుకుంటారు. మాటలు ఎక్కువ, పాట తక్కువ ఉన్న పాత్ర ఇవ్వొచ్చు, పాట మధ్యలో మాటలా చెప్పే వరసలు ఇవ్వొచ్చు. పాట మధ్యలో గొంతు జారితే ఆగకుండా ముందుకు పొమ్మనండి. ఆడిషన్ గదిలో పిల్లాడి గొంతు జారిందని నవ్వే పెద్దలు ఉంటే, ఆ బృందం మీకు వద్దు, నేనైతే పిల్లాణ్ణి వెంటనే తీసుకొచ్చేస్తాను.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్లలో ఉన్న తెలుగువాళ్ళం కలిసి పిల్లలతో గంట సేపు నడిచే మ్యూజికల్ వేయాలనుకుంటున్నాం. పాత్రలు 20 దాకా ఉన్నాయి, పేర్లు ఇచ్చినవాళ్ళు అంతకి మూడింతలు. అందరూ తెలిసినవాళ్ళే, ఎవరిని కాదన్నా గొడవ. పిల్లలు సగం మందికి తెలుగు చదవడం రాదు. ఆడిషన్ ఎలా పెట్టాలి?
ఒక వాలంటీర్, బాణసవాడి

జవాబు: ముందు హాలు సంగతి తేల్చుకోండి, ఆడిషన్ తర్వాత. జేపీ నగర్ రంగశంకర లాంటి చోట సీట్లు 300 పైచిలుకే, పిల్లలు స్పష్టంగా మాట్లాడితే వెనక వరసకు వినబడుతుంది. రవీంద్ర కళాక్షేత్ర అంతకంటే చాలా పెద్దది, అక్కడ మైకుల గురించి ఆలోచించాలి. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి వాళ్ళ కృష్ణదేవరాయ కళామందిరం మనవాళ్ళకి తెలిసిందే. ఏ హాల్లో వేస్తారో తెలియకుండా ఎంత గొంతున్న పిల్లలు కావాలో మీకెలా తెలుస్తుంది?

ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, బల్ల వెనక ముగ్గురు పెద్దలు కూర్చుని "ఊ, పాడు" అనే పద్ధతి పిల్లలకి వద్దే వద్దు. పదేసి మందిని కలిపి పిలవండి. పావుగంట ఆట ఆడించండి, చప్పట్లతో లయ అందుకోవడం, బొమ్మలా ఆగిపోవడం, గుంపుగా ఒక బస్సు అయిపోవడం లాంటివి. ఆ పావుగంటలోనే ఎవరు పక్కవాళ్ళని చూసి స్పందిస్తున్నారో, ఎవరు అందరినీ తోసుకుని ముందుకొస్తున్నారో, ఎవరు వెనక నిలబడి అన్నీ సరిగ్గా చేస్తున్నారో కనబడిపోతుంది. తర్వాత మీ నాటకంలోంచే నాలుగు పంక్తుల పాట ఒకటి అప్పటికప్పుడు అందరికీ నేర్పండి. అందరూ కలిసి, తర్వాత ముగ్గురు ముగ్గురు, ఆ తర్వాత ఒంటరిగా పాడనివ్వండి, అప్పటికి బెరుకు చాలావరకు పోయి ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న పాట కూడా వినండి, కానీ మార్కులు వేసేది ఇక్కడ నేర్చుకున్న నాలుగు పంక్తుల మీద. నెలలపాటు సంగీతం క్లాసుకి పంపగలిగిన ఇంటి పిల్లకీ, పంపలేని ఇంటి పిల్లకీ మధ్య తేడా ఈ ఒక్క పద్ధతితో చాలా తగ్గుతుంది, నేను దీన్ని పట్టుబట్టి చెప్పడానికి కారణం అదే. ఒక్కో పిల్లకి ఏదో ఒక సూచన ఇచ్చి రెండోసారి చేయించండి. మొదటిసారి ఎలా ఉన్నా సరే, రెండోసారి ఏం మారిందో రాసుకోండి.

తెలుగు చదవడం రాకపోతే అది నటనకి అడ్డం కాకూడదు. డైలాగుల పేజీ రెండు రోజుల ముందే పంపండి, దాంతోపాటు మీలో ఒకరు చదివిన ఆడియో కూడా. మన పిల్లలు చాలామంది బడిలో కన్నడ చదువుతున్నారు, రెండు లిపులూ దగ్గరివే కాబట్టి తెలుగు డైలాగుని కన్నడ లిపిలో రాసిచ్చినా చక్కగా పలుకుతారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిస్తే "ళ"కీ "ల"కీ, "ణ"కీ "న"కీ తేడా పోతుంది, కన్నడలో ఆ ఇబ్బంది లేదు.

ఇప్పుడు గొడవ సంగతి. ఆడిషన్‌కి వచ్చే పిల్లల తల్లిదండ్రులెవరూ ఎంపికలో ఉండకూడదు, వాళ్ళ బంధువులు కూడా ఉండకూడదు. బయటి నుంచి ఒక సంగీతం టీచర్‌నీ, ఒక నాటకం తెలిసినవాళ్ళనీ పిలవండి, మీలో ఒకరు కలిస్తే ముగ్గురవుతారు. తల్లిదండ్రులు గది బయటే ఉండాలి, కానీ పిల్లలతో గదిలో పెద్దవాళ్ళు ఎప్పుడూ ఇద్దరికి తగ్గకుండా ఉండాలి, తలుపు తెరిచే ఉండాలి. వీడియో తీస్తే ముందే అనుమతి తీసుకోండి, పని అయ్యాక తీసెయ్యండి, గ్రూపుల్లో పెట్టొద్దు. ఫారంలో ఎత్తు, శ్రుతి మాత్రమే కాదు, పరీక్షల తేదీలు, ఊరికి వెళ్ళే తేదీలు కూడా రాయించండి, రిహార్సల్స్ సగంలో అమ్మమ్మగారి ఊరికి వెళ్ళిపోయే ప్రధాన పాత్ర కంటే పెద్ద సమస్య ఉండదు. రిహార్సల్ ఎంతసేపు పెట్టాలన్నదానికి చట్టం నుంచే ఒక కొలత తీసుకోవచ్చు. సినిమాల్లో, టీవీలో పనిచేసే 14 ఏళ్ళలోపు పిల్లలని రోజుకి 5 గంటలకి మించి, విరామం లేకుండా 3 గంటలకి మించి పనిచేయించకూడదని బాల కార్మిక నిబంధనలకు 2017లో చేసిన సవరణ చెబుతోంది. డబ్బు తీసుకోని సెలవుల నాటకం దానికంటే కఠినంగా ఉండకూడదు కదా. నా లెక్కలో చిన్నపిల్లలకి రెండు గంటలు చాలు.

పదేళ్ళలోపు వాళ్ళని ఎవరినీ కాదనొద్దు. వాళ్ళందరినీ బృందగానంలో పెట్టండి, అడవి, సంత, వాన, ఏది కావాలంటే అది వాళ్ళే అవుతారు, కథ రాసేవాళ్ళకి కాస్త పని పెరుగుతుంది, అంతే. పెద్ద పిల్లల్లో ప్రధాన పాత్రలకి ఇద్దరిద్దరిని తీసుకుని రెండు ప్రదర్శనలు వేయగలిగితే వేయండి. అప్పటికీ కొందరికి చోటు ఉండదు, ఆ మాట ఆడిషన్ నోటీసులోనే స్పష్టంగా రాయాలి. ఫలితాలు రాత్రిపూట వాట్సాప్ గ్రూపులో జాబితాగా వేసే అలవాటు మానండి. రాని పిల్లలకి విడిగా ఫోన్ చేయండి, వాళ్ళు చేసినదాంట్లో మీకు గుర్తున్న ఒక్క మంచి విషయం పేరు పెట్టి చెప్పండి. అన్ని ఫోన్లు చేయడం కష్టమే. అయినా చేయండి.

ప్రశ్న: ఆడిషన్ ప్యాకేజీ అని 15,000 రూపాయలు కడితే పాత్ర ఖాయమని ఒక చోట చెప్పారు. కట్టొచ్చా?
బీటీఎం లేఅవుట్ నుంచి

జవాబు: కట్టొద్దు. పాత్ర ఖాయమైతే దాన్ని ఆడిషన్ అనరు. వర్క్‌షాప్‌కి ఫీజు తీసుకోవడం వేరే సంగతి, టీచర్లకి, హాలుకి, దుస్తులకి ఖర్చవుతుంది, అది న్యాయమే. ఆ ఖర్చు దేనికో కాగితం మీద చూపించమని అడగండి, డబ్బుకీ పాత్రకీ సంబంధం లేదని రాసిమ్మనండి.

ప్రశ్న: నాకు 15 ఏళ్ళు. హీరోయిన్ పాత్రకి ఆడిషన్ ఇచ్చాను, రెండో రౌండ్ దాకా వచ్చాను. తర్వాత "పాట బాగుంది కానీ నీ తెలుగులో యాస ఉంది" అని గుంపులో వేశారు. మా తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్నాం, ఇంట్లో ఇలాగే మాట్లాడతాం. చాలా ఏడ్చాను. మానేయాలా?
యలహంక నుంచి

జవాబు: ఏడుపు వచ్చిందంటే రాదామ్మా మరి, రెండో రౌండ్ దాకా వెళ్ళి వెనక్కి రావడం పెద్దవాళ్ళకే కష్టం. నీ తెలుగులో లోపం ఏమీ లేదు. "చేస్తా ఉండాను", "వస్తా ఉండారు" అనే తెలుగు కోలారు, చిత్తూరు, అనంతపురం వైపు తరతరాలుగా మాట్లాడుతున్నది, బెంగళూరులో పాత తెలుగు కుటుంబాలు ఇప్పటికీ మాట్లాడుతున్నది. దాన్ని తప్పు తెలుగు అన్నవాళ్ళతో నేను ఒప్పుకోను. ఈ ఊళ్ళో పిల్లలతో తెలుగు నాటకం వేస్తూ, ఈ ఊరి తెలుగు వద్దనడం నాకు నిజంగా బాధ కలిగించింది.

అదే సమయంలో ఇంకో మాట కూడా చెప్పాలి. పాత్రని బట్టి భాష మారుతుంది. రాజకుమార్తె గ్రాంథికంలో మాట్లాడే నాటకమైతే గుంటూరు పిల్లకైనా, హైదరాబాద్ పిల్లకైనా ఆ భాష కొత్తదే, అందరూ నేర్చుకోవాల్సిందే. అలాంటప్పుడు నీకు ఒక పేజీ ఇచ్చి, రెండు రోజులు టైమిచ్చి, మళ్ళీ విని ఉండాల్సింది. అది చేయకుండా యాస అన్న ఒక్క మాటతో తేల్చేశారా? అయితే నువ్వు వెళ్ళి అడగొచ్చు. గొడవ పెట్టుకోవడానికి కాదు, ఇలా అడుగు: "సార్, నేను ఏ మాటలు మార్చుకోవాలి? రెండు రోజుల్లో నేర్చుకుని వచ్చి చూపిస్తాను, పాత్ర కోసం కాకపోయినా వినండి." మంచి దర్శకులు దీనికి సంతోషిస్తారు. ఇంకో సంగతి ఏంటంటే ప్రధాన పాత్ర చాలాసార్లు ఎత్తు వల్లో, జంటగా నటించే పిల్లాడి గొంతుతో కలవడం వల్లో, తేదీల వల్లో నిర్ణయమవుతుంది, నీకు చెప్పిన కారణం అసలు కారణం కాకపోవచ్చు.

గుంపులో ఉండాలా మానాలా అన్నది నువ్వే తేల్చుకో, ఎవరి మాటా వినక్కర్లేదు. ఉండమనే నా సలహా, దానికి కారణం చెబుతాను. బృందగానంలో రెండో గొంతు పట్టుకుని పాడటం, పక్కవాళ్ళతో ఊపిరి కలపడం, పాట పాడుతూ అడుగులు వేయడం, ఇవి ఒంటరిగా ఇంట్లో నేర్చుకోలేవు. హీరోయిన్ డైలాగులు కూడా నేర్చుకుని ఉంచు, ఆ అమ్మాయికి ప్రత్యామ్నాయంగా నన్ను రాసుకోండి అని చెప్పు. పిల్లల నాటకాల్లో జ్వరాలు మామూలు. కానీ రిహార్సల్స్‌లో ఎవరైనా నీ మాట తీరుని వెక్కిరిస్తే మాత్రం ఒక్కరోజు కూడా భరించొద్దు, అమ్మకో నాన్నకో ఆ రోజే చెప్పు.

ప్రశ్న: మా పాపకి 6 ఏళ్ళు. ఇంట్లో అద్దం ముందు గంటలు గంటలు పాడుతుంది, ఆడిషన్‌లో నోరు తెరవలేదు. భయం పోగొట్టడం ఎలా?
హెబ్బాళ్ నుంచి

జవాబు: ఆరేళ్ళకి ఆడిషన్ ఎందుకండీ. ఆ బృందాన్ని అడిగి రెండు రిహార్సల్స్‌కి ఊరికే తీసుకెళ్ళి మూల కూర్చోబెట్టండి, చూడనివ్వండి. లేచి వెళ్ళి గుంపులో కలిసిపోతే సరే. కలవకపోతే ఇంటికొచ్చేయండి, దారిలో ఎందుకు పాడలేదని అడగొద్దు. అద్దం ముందు పాట మాత్రం ఆగకుండా చూసుకోండి, వచ్చే ఏడాది మళ్ళీ తనే అడుగుతుందేమో చూద్దాం.